కాగితం లేని బండికి కాపలా ఎక్కడిది?

మా కడప జిల్లా పెండ్లిమర్రి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ట్రాక్టర్ పోయిందంటే, పోగొట్టుకున్నవాడికి తెల్లారేసరికి చీవాట్లు మొదలవుతాయి. ‘జీపీఎస్ పెట్టించుకోకపోయినావా?’ ‘తాళం దానికే వదిలేసినావంట గదా?’ ‘కల్లం కాడ ఎవరు నిలపమన్నారు, ఇంటి ముందర నిలుపుకోలేవా?’ షోరూములో బండి అమ్మేవాళ్ళు, బీమా ఏజెంట్లు, అరుగు మీద పెద్దమనుషులు, అందరిదీ ఒకటే పాట. బండి పోయిందంటే ఆసామి ఏమరుపాటు. కాపాడుకోవడమంటే ఏదో ఒక సామాను కొని బండికి బిగించుకోవడం. ఆ సామాను ఒకప్పుడు గొలుసు, తర్వాత స్టీరింగ్ లాకు, ఇప్పుడు జీపీఎస్ డబ్బీ.

ఈ మాట పూర్తిగా అబద్ధమైతే ఇంత రాయాల్సిన పనే లేదు. సగం నిజం కాబట్టే ఇన్నాళ్ళు నిలిచింది. గొలుసు వేయొద్దనో, తాళం వదిలేసి పొమ్మనో నేను చెప్పబోవడం లేదు. నేననేది ఒక్కటే: ట్రాక్టర్ దొంగతనానికి మొదలు కల్లం దగ్గర లేదు, కాగితాలు లేని బండిని సగం ధరకు కొనే మనిషి దగ్గరుంది. ఆ మనిషి ఎక్కడో ఢిల్లీలో లేడు. మన మండలంలోనే ఉన్నాడు, పక్క మండలంలో ఉన్నాడు, పెళ్ళిళ్ళలో మన పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు. వాడి జోలికి పోకుండా బండి ఆసామికి నీతులు చెప్పడం సులువు గనకే అందరూ అదే చేస్తున్నారు.

ముందు తాళం సంగతి తేలుద్దాం. మన పొలాల్లో తిరిగే మహీంద్రాలు, స్వరాజ్‌లు, మాస్సీలు చాలా భాగం పాత పద్ధతి డీజిల్ పంపు బండ్లు. పెట్రోలు ఇంజనులో తాళం తిప్పితేనే ప్లగ్గుకు కరెంటు అందుతుంది. అది లేనిదే ఇంజను నడవదు. ఈ డీజిల్ ఇంజనుకు ప్లగ్గే లేదు. గాలి బాగా నొక్కుకుపోయినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. తాళం చేసే పనల్లా స్టార్టరును తిప్పడం. ఒకసారి ఇంజను అందుకుందంటే స్టాప్ నాబు లాగేదాకా ఆడుతూనే ఉంటుంది. తాళం ఎవరి జేబులో ఉందో దానికి పట్టదు. ఇప్పటి కార్ల తాళంలో చిప్పు ఉంటుంది, వేరే తాళం పెడితే ఇంజను కదలదు. ఏడెనిమిది లక్షలు పోసి కొనే ట్రాక్టర్లలో చాలావాటికి ఆ మాత్రం ఏర్పాటు లేదు. జాగ్రత్త గురించి మనకు ఉపన్యాసం ఇచ్చే సేల్స్‌మన్‌ను ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి, వెంటనే టీ తెప్పిస్తాడు.

మన రైతుకు ఇది తెలియక కాదు. బ్యాటరీ వీకైన బండిని సాయంత్రం ఎక్కడ నిలుపుతాడో గమనించండి. చెరువుకట్ట వాలులోనో, దిబ్బ మీదో మూతి కిందికి పెట్టి నిలుపుతాడు. ముందు టైరుకు ఇంత బండరాయి అడ్డం పెడతాడు. పొద్దున రాయి తీసి, క్లచ్చి తొక్కి గేరు వేసి, బండి రెండు మూడు గజాలు దొర్లాక క్లచ్చి వదిలితే చాలు, ఒక్క జర్కు ఇచ్చి నల్లటి పొగ వదిలి అందుకుంటుంది. బ్యాటరీతో పని లేదు, తాళంతో అసలే లేదు. రోజూ పొద్దున మనం చేసే పనే రాత్రిపూట ఇంకొకడు చేయడానికి ప్రత్యేకమైన విద్య ఏం కావాలి?

ఇక డబ్బీ. అందులో ఉండేది ఒక సిమ్ కార్డు, ఉపగ్రహాల సంకేతాలు అందుకునే చిన్న యాంటెన్నా. కరెంటు బండి బ్యాటరీ నుంచి వస్తుంది. బండి ఎక్కడుందో పైనున్న ఉపగ్రహానికి తెలియదు. డబ్బీయే లెక్క కట్టుకుని, దగ్గర్లో ఉన్న సెల్ టవర్ ద్వారా మన ఫోనుకు చెబుతుంది. టవర్ అందకపోతే చెప్పలేదు. కొండల వెంబడి పోయేటప్పుడు ఫోను మూగబోయే చోట్లు మనకు కొత్తేం కాదు. ఇనప తలుపుల కంటైనరు లారీలోకి ఎక్కించేస్తే రోడ్డు మీదా చెప్పలేదు. సిమ్‌కు ఏటా డబ్బు కట్టాలి. కొత్తలో బండితో పాటు ఉచితంగా వచ్చింది కదా అని మురిసిపోతాం. శనక్కాయ ధర పడిపోయిన ఏడు ముందుగా ఆగిపోయే ఖర్చు అదే.

దీనికి తోడు ఇంకో తిరకాసు ఉంది. పని లేని నెలల్లో జాగ్రత్త గల రైతు బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టుకుంటాడు. బ్యాటరీలు కూడా పోతుంటాయి కదా. బ్యాటరీ ఇంట్లోకి వచ్చిందంటే, డబ్బీ లోపలుండే చిన్న బ్యాటరీ అయిపోయేదాకే దాని ఆయుష్షు. అంటే ఒక జాగ్రత్త రెండో జాగ్రత్తను చంపేస్తుంది. ఈ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

జీపీఎస్ పక్షం వాళ్ళ దగ్గర ఒక గొప్ప కథ ఉంది. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్‌లో జాన్ డీర్ ట్రాక్టర్లు, కోత యంత్రాలు అమ్మే షోరూమును రష్యా సైనికులు దోచుకున్నారు. దాదాపు 50 లక్షల డాలర్ల సరుకు. అందులో కొన్నిటిని వెయ్యి కిలోమీటర్లకు పైగా తరలించి చెచెన్యా చేర్చారు. తీరా స్టార్ట్ చేయబోతే కదల్లేదు. యజమానులు దూరం నుంచే వాటిని లాక్ చేసేశారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఈ కథ చెప్పేవాళ్ళు సరిగ్గా ఇక్కడ ఆపేస్తారు. తర్వాతి సగం ఏమిటంటే, ఆ యంత్రాలు చెచెన్యాలోని గ్రోజ్నీ దగ్గర ఒక పొలంలో పడి ఉన్నాయని యజమానులకు తెరమీద కనబడుతూనే ఉంది, తెచ్చుకునే దారి మాత్రం లేదు. విడిభాగాలుగా అమ్ముకున్నా దొంగలకు డబ్బే అన్న మాట కూడా అప్పుడే వినబడింది. బండి ఎక్కడుందో తెలియడం వేరు, అది ఇంటికి రావడం వేరు. ఇంగ్లండులోనైతే పొలాల్లో నిలిపిన ట్రాక్టర్ల మీది జీపీఎస్ పరికరాలనే దొంగలు విప్పుకుపోతున్నారు. కాపలాకు పెట్టినదానికే కాపలా పెట్టాల్సి వచ్చింది అక్కడ.

ఇంకొకటి తరచుగా వింటాం: ‘ట్రాక్టర్‌ని ఎవడెత్తకపోతాడులే అన్నా, గంటకు ముప్పై కిలోమీటర్లు పోదు, ఊరు దాటేలోపల దొరికిపోతాడు.’ రాత్రి పదకొండుకు కదిలిన బండి ఆ వేగంతోనే తెల్లారేలోగా జిల్లా దాటుతుంది. దారిలో ఆపేదెవరు? పాపాఘ్ని, పెన్నా ఒడ్డు ఊళ్ళలో అర్ధరాత్రి ట్రాక్టర్ చప్పుడైతే ఎవరూ లేచి చూడరు. ఇసుక బండి అనుకుని అటు తిరిగి పడుకుంటారు. శివరాత్రికి పొలతలలో మల్లికార్జునస్వామి తిరునాళ్ళప్పుడు ఎన్ని ఊళ్ళ ట్రాక్టర్లు ట్రాలీల నిండా జనంతో వస్తాయో అందరికీ తెలుసు. ఆ రాత్రి ఏ బండి ఎవరు తోలుతున్నారని అడిగే నాథుడుంటాడా? ఒకప్పుడు నంబరు ప్లేటైనా కొంత చెప్పేది. ఏపీ 04 అంటే కడప బండి. అనంతపురం పల్లెలో అది కనబడితే ‘ఎవురిదప్పా ఇది?’ అని ఒకరైనా అడిగేవారు. 2019లో జిల్లాల వరసలు తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్న ఒకే వరస తెచ్చారు. సౌకర్యం కోసమే చేశారు, కాదనను. కానీ కొత్త బండి ఏ జిల్లాదో నంబరు చూసి చెప్పే వీలు దాంతో పోయింది.

సరే, బండి ఎక్కడికో పోయింది. అక్కడేం చేస్తారు? దాచుకుని పూజ చేయరు కదా. అమ్మాలి. ఆ బేరం ఎలా సాగుతుందో దగ్గరనుంచి చూస్తే అసలు తాళం ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

తొలకరి ముందు. దుక్కులకు బండి కావాలి, కొత్తది కొనే తాహతు లేదు. మధ్యవర్తి వస్తాడు. ‘ఫైనాన్సు వాళ్ళు సీజ్ చేసిన బండి అన్నా, అందుకే ఈ రేటు. కాగితాలు యార్డులో ఉన్నాయి, నెలలో వచ్చేస్తాయి.’ మూడున్నర లక్షలు పలకాల్సిన బండి లక్షన్నరకు వస్తోంది. కొనేవాడు టైర్లు తడుతాడు. ఇంజను స్టార్ట్ చేయించి పొగ రంగు చూస్తాడు. హైడ్రాలిక్ ఎత్తి, గొర్రు బరువు నిలబడుతోందా లేదా అని చూస్తాడు. ఆయిల్ కారుతోందేమో అని కిందికి వంగి కూడా చూస్తాడు. అక్కడే, వంగిన ముఖానికి జానెడు దూరంలో, గ్రీజూ మట్టీ పేరుకుపోయిన చోట గుద్దిన నంబరు ఉంటుంది. గోనెపట్టా ముక్కతో ఒకసారి తుడిస్తే కనబడుతుంది. అరగదీసి మళ్ళీ గుద్దారేమో అదీ కనబడుతుంది. తుడవడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించుకుని, టెంకాయ కొట్టి, బండికి పసుపు రాసి తోలుకొస్తాడు.

మన తాతలు సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్ళు లెక్కబెట్టేవాళ్ళు, సుళ్ళు చూసేవాళ్ళు. అమ్మేవాడి ఊరూ పేరూ కనుక్కుని, తెలిసినవాణ్ణి మధ్యన పెట్టుకుని, సంత చీటీ రాయించుకున్నాక గానీ పలుపు చేత పట్టేవాళ్ళు కాదు. చదువురాని వాళ్ళకున్న ఆ పట్టుదల, చేతిలో ఫోనున్న మనకు లేకపోవడం నాకైతే సిగ్గుగానే ఉంది.

‘పాపం, కొన్నవాడికేం తెలుసు’ అని జాలిపడే అలవాటు మనది. చట్టం అంత జాలిపడదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం, దొంగసొత్తు అని తెలిసి తీసుకున్నా, అలా నమ్మడానికి కారణాలుండి తీసుకున్నా మూడేళ్ళ దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో 411వ సెక్షన్ చెప్పిందీ ఇదే. సగానికి సగం ధర, ఆర్సీ లేకపోవడం, మధ్యవర్తి తప్ప అసలు యజమాని ముఖం చూడకపోవడం... నమ్మడానికి ఇంతకన్నా కారణాలు ఏం కావాలి? పైగా దొంగ దగ్గర కొన్న సరుకు మీద కొన్నవాడికి హక్కు రాదన్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టం నుంచీ ఉన్న మాటే. పోలీసులు వచ్చి బండి తోలుకుపోతే లక్షన్నరా పోతుంది, బండీ పోతుంది, కోర్టు చుట్టూ తిరగడం మాత్రం మిగులుతుంది.

అయితే ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. దొంగబండి అంత సులువుగా కలిసిపోవడానికి కారణం, మన సొంత బండ్లు కూడా కాగితాల్లో దొంగబండ్లలాగే ఉండటం. బండి తోలేది ఒకరు, ఆర్సీ ఇంకొకరి పేరున. ఆయన ఎప్పుడో అమ్మేశాడు, కొన్నాయన ఇంకొకరికి అమ్మేశాడు, చేతులు మారిన స్టాంపు పేపర్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. ‘పొలంలో తిరిగే బండికి ఇదంతా ఎందుకు’ అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో! అందుకు జవాబు 2018లో సుప్రీంకోర్టు ఇచ్చింది. ఒక వాహనం వరసగా పలువురి చేతులు మారింది, ఆర్సీ మాత్రం మొదటి యజమాని పేరునే ఉండిపోయింది, ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాడిదే అని కోర్టు తేల్చింది. బండి ఎప్పుడో అమ్మేశానని మొత్తుకున్నా లాభం లేకపోయింది. నలుగురి బండ్లు ఇలా ఉన్న ఊళ్ళో ఐదోది దొంగదైతే దాన్ని పట్టుకునేదెలా? సక్రమంగా ఉన్నవాటి మధ్యనే వంకర కనబడుతుంది.

బీమా ఉందిలే అన్న ధీమా కూడా ఇలాంటిదే. చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను. అది మన బండి ఎదుటివాడికి చేసే నష్టానికి. బండి పోతే దానిలో పైసా రాదు. దొంగతనానికి డబ్బు రావాలంటే ప్యాకేజీ పాలసీ ఉండాలి. అదున్నా, పాలసీ ఒకరి పేరున, ఆర్సీ ఒకరి పేరున ఉంటే కంపెనీకి కావాల్సిన సాకు దొరికినట్టే. సక్రమంగా ఉన్నవాళ్ళనే వదల్లేదు కదా. ఉత్తరాదిలో ఒక రైతు ట్రాక్టర్ 2010 అక్టోబరులో పోయింది. అదే రోజు కేసు పెట్టాడు. బీమా కంపెనీకి చెప్పడంలో 52 రోజులు ఆలస్యమైందని క్లెయిము కొట్టేశారు. తొమ్మిదేళ్ళకు పైగా తిరిగాడు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, అందులో మన తెలుగువారు ఎన్.వి. రమణ, సుభాష్ రెడ్డి ఉన్నారు, వెంటనే ఎఫ్ఐఆర్ ఇచ్చి దొంగతనం నిజమని తేలినప్పుడు, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క సాకుతో క్లెయిము కాదనకూడదని చెప్పింది. ఆ రైతును గెలిపించింది బండి పోయిన రోజే రాయించుకున్న ఎఫ్ఐఆర్. డబ్బీలు, గొలుసులు అమ్మేవాళ్ళు ఈ కేసు మనకు చెప్పరు, వాళ్ళకు దీనిలో అమ్ముకునేది ఏమీ లేదు.

బయటి దేశాలు ఈ సమస్యను ఎలా పట్టుకున్నాయో కూడా చూడాలి. బ్రిటన్‌లో జేసీబీల్లాంటి యంత్రాలకు చాలాకాలం ఒకే తాళం ఎన్నో బండ్లకు పట్టేది. వాళ్ళు తాళాలు మార్చి ఊరుకోలేదు. 2007లో సీజర్ అనే పథకం పెట్టి, పొలం యంత్రాలకు, నిర్మాణ యంత్రాలకు ఒక్కోదానికి ఒక్కో గుర్తింపు సంఖ్య ఇచ్చి, కంటికి కనబడని గుర్తులు కూడా వేసి, అవన్నీ పోలీసులు చూసుకోగలిగే రిజిస్టరులో పెట్టారు. 2023లో యంత్రాల చోరీ నివారణకు ప్రత్యేకంగా చట్టమే చేశారు. గుంతల్లో గుట్టల్లో తిరిగే నాలుగు చక్రాల బైకులకు దొంగ స్టార్ట్ చేయలేని ఏర్పాటూ, గుర్తుల నమోదూ అమ్మేవాళ్ళే చేసివ్వాలన్నది దాని సారం. అంటే బరువు అమ్మేవాడి మీద పెట్టారు. మన దగ్గర మొత్తం బరువు రైతు నెత్తిన.

మన దగ్గర అసలు సాధనాలే లేవా? ఉన్నాయి. పోయిన సెల్‌ఫోన్ నంబరు పెడితే దేశమంతటా దాన్ని పనిచేయకుండా ఆపే సీఈఐఆర్ ఏర్పాటు 2023లో వచ్చాక ఎంతమంది ఫోన్లు తిరిగి చేతికొచ్చాయో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. దొంగ ఫోను వాడుకోవాలంటే నెట్‌వర్కు అనే గుమ్మం దాటాలి, అక్కడ పట్టుబడతాడు. ట్రాక్టర్‌కు అలాంటి గుమ్మం ఒక్కటే, పేరు మార్పు. అది కూడా మనం చేయించుకోకపోతే గుమ్మమే లేనట్టు. ఎన్‌సీఆర్‌బీ నడిపే ‘వాహన్ సమన్వయ్’లో చాసిస్ నంబరు, ఇంజను నంబరు కొట్టి, అది చోరీ వాహనాల జాబితాలో ఉందో లేదో మామూలు మనిషే చూసుకోవచ్చు. ఎంపరివాహన్ యాప్‌లో ఆర్సీ వివరాలు, ఫైనాన్సు బాకీ ఉందో లేదో తెలుస్తాయి. లక్షన్నర బేరానికి ముందు టీ తాగే అంత సేపు చాలు.

కాగితాలు కూడా దొంగవి పుడతాయి కదా అంటారు. పుడతాయి. స్క్రాపు కింద కొన్న పాత కాలుష్య ప్రమాణాల (బీఎస్-3) లారీలను కొత్త ప్రమాణాల (బీఎస్-4) బండ్లని చూపి నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించారన్న కేసు 2020లో మన పక్కనే తాడిపత్రిలో ఎంత దుమారం రేపిందో మరిచిపోలేం. కానీ గమనించండి, అది బయటపడింది కాగితాల మీదే. దొంగ కాగితానికి సంతకం ఉంటుంది, తేదీ ఉంటుంది, ఆఫీసు పేరుంటుంది, లాగితే తీగ వస్తుంది. నోటిమాట మీద నడిచే బేరంలో లాగడానికి ఏముంటుంది?

ఇక బండి వెనకాల తగిలించేవాటి సంగతి. ట్రాలీలు ఊళ్ళో వెల్డింగు షాపుల్లో తయారవుతాయి, చాలావాటికి రిజిస్ట్రేషనే లేదు. రోటావేటరు, గొర్రు, మడకలకు నంబరు పెట్టే చట్టమే లేదు. రోటావేటరు లక్ష పైమాటే. హిచ్చి పిన్నులు మూడు తీస్తే ఊడి వస్తుంది. తయారు చేసిన చోటే, ఫ్రేము మీద, రంగు వేసేముందు ట్రాక్టర్ నంబరు వెల్డింగుతో రాయించుకుంటే రుద్ది తీయడం కష్టం, తీసినా మచ్చ దాగదు. దీనికి ఖర్చు ఒక వెల్డింగు కడ్డీ.

కాగితాలు మార్పించుకోవడం అంత సులువా, కడపకో ప్రొద్దుటూరుకో పనులు మానుకుని ఎన్నిసార్లు తిరగాలి అని రైతు అడిగితే మాత్రం నా దగ్గర ఎదురుమాట లేదు. అది న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ వాదన రైతు మీద ముగియకూడదు. మండల కేంద్రంలో ఏటా తొలకరికి ముందు ఒకసారి క్యాంపు పెట్టి, ట్రాక్టర్లకు, ట్రాలీలకు అక్కడికక్కడే పేరు మార్పులు చేస్తే, జీపీఎస్ గురించి వంద అవగాహన సభలు చేయలేని పని అది చేస్తుంది. చివరి కంతు కట్టిన రైతుకు అప్పు తీరినట్టు చూపే ఫారం 35, నో అబ్జెక్షన్ కాగితం అదే రోజు కౌంటర్లోనే ఇవ్వడానికి ఏ ఫైనాన్సు కంపెనీకైనా అడ్డేమిటి? కంతు ఒక్క నెల ఆలస్యమైతే మనిషిని ఇంటికి పంపించగలుగుతున్నారు కదా. కాగితం పట్టుకుని కూడా ఒక మనిషిని పంపొచ్చు. సీజ్ చేసిన బండ్లను యార్డుల్లో అమ్మేటప్పుడు పేరు మార్పు పూర్తయ్యాకే బండి గేటు దాటాలన్న షరతు పెట్టొచ్చు. ఆ ఒక్క షరతు వస్తే ‘ఫైనాన్సు బండి అన్నా, కాగితాలు తర్వాత’ అన్న మాటతో దొంగబండిని అంటగట్టడం ఎవడికీ కుదరదు.